క్యాబేజీ మాస్టారు

అక్టోబరు 5, ఆదివారం

టైర్ల కొట్టువాళ్ళు ఉచితంగా ఇచ్చిన డైరీ ఇది. ప్రతి పేజీ అడుగున ఒక టైరు బొమ్మ ఉంది. దానికి ఎడంచెయ్యి అడ్డం పెట్టుకుని రాస్తున్నాను.

జరిగింది ఒక్కసారి రాసేసి వదిలేస్తాను. పోయిన నెల పళ్ళ డాక్టరుగారికి కారు నేర్పుతుండగా ఆ కారు పరుపుల కొట్లోకి వెళ్ళింది. ఆవిడ బ్రేకనుకుని నొక్కింది బ్రేకు కాదు. నేర్పేవాడి కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేను దాన్ని తొక్కేసరికే కారు కొట్టు అద్దం దాటి, దిండ్ల గుట్ట దాటి, ముందు చక్రాలు రెండూ ఒక పెద్ద పరుపు మీదికెక్కించి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మెత్తగా ఉందో లేదో చూద్దామని పక్క పరుపు మీద పడుకున్న పెద్దమనిషి ఒకాయన లేచి పరుగు తీశాడు, అంతే. అద్దం సంగతి ఇన్సూరెన్సు వాళ్ళు చూసుకున్నారు. పరుపుల కొట్టు గురించి ఇక ఈ డైరీలో రాయను.

నాకేమీ భయం లేదు. ఈ ఊళ్ళో సగం మందికి గేరు మార్చడం నేర్పినవాణ్ణి. కాస్త విశ్రాంతి కావాలనిపించి సెలవు పెట్టానంతే. కుడికాలి సంగతి వేరు. అది దానంతట అదే నేలను తొక్కుతోంది. బస్సులో కూర్చుంటే తొక్కుతోంది, కుర్చీలో కూర్చున్నా తొక్కుతోంది. మొన్న బస్సులో ముందు సీటాయన వెనక్కి తిరిగి, "మీ కాలికేమన్నా ఇబ్బందా?" అని అడిగాడు. అందుకే డాక్టరుకు చూపించుకున్నాను (ఈయన మామూలు డాక్టరు, పళ్ళ డాక్టరు కాదు). "కొన్నాళ్ళు నెమ్మదిగా కదిలేవాటితో కాలక్షేపం చెయ్యండి," అన్నాడు.

ఇంట్లో ఉన్నవి రెండే ప్రాణాలు. మా ఆవిడ రైల్వే స్టేషన్లో టిక్కెట్ల కౌంటరులో పనిచేస్తుంది, నెమ్మదిగా కదిలితే అక్కడ కుదరదు. మా మామగారు రిటైరైన డ్రిల్లు మాస్టారు, ఫుట్‌బాల్ రిఫరీ. ఇప్పటికీ మెడలో విజిలు వేసుకునే తిరుగుతారు. ఆయనతో కాలక్షేపం చేస్తే ఉన్న కాలు కూడా పోతుంది.

అక్టోబరు 6, సోమవారం

విత్తనాల కొట్టుకు నడిచే వెళ్ళాను. నడక ఒంటికి మంచిది, అందుకని.

"మీ దగ్గర అన్నిటికన్నా నెమ్మదిగా ఎదిగేది ఏది?" అని అడిగాను.

కొట్టతను నన్ను ఎగాదిగా చూశాడు. "అందరూ తొందరగా వచ్చేది ఇమ్మంటారు సార్. నెమ్మదిది అడిగినవాళ్ళు మీరే. పోనీ చెట్టేదైనా పెట్టండి, మీ మనవలు తింటారు."

"మరీ అంత నెమ్మది వద్దు."

కాసేపు ఆలోచించి క్యాబేజీ విత్తనాల పొట్లం ఇచ్చాడు. "ఇదైతే తొందరపడదు. మీరు తొందరపెట్టినా వినదు."

అలాంటి శిష్యుడే నాకు కావలసింది.

అక్టోబరు 7, మంగళవారం

కోడిగుడ్ల అట్టలో మట్టీ ఎరువూ నింపి, గుంటకు రెండేసి గింజలు వేసి, పైన పల్చగా మట్టి చల్లాను. మిగిలిన గింజలు చిన్న పళ్ళెంలో పోసి వంటింట్లో పెట్టాను. మామగారు వచ్చి అట్టను చుట్టూ తిరిగి చూశారు.

"అల్లుడుగారూ, ఏమిటిది?"

"క్యాబేజీ, మామయ్యగారూ."

"బజార్లో దొరకట్లేదా?"

"దొరుకుతుంది. ఇది గింజ నుంచి పెంచడం."

"అంటే బంతి కావాలంటే ముందు తోలు కొనుక్కుని కుట్టుకోవడమన్నమాట," అని వెళ్ళిపోయారు.

అక్టోబరు 8, బుధవారం

పళ్ళెంలో గింజలు లేవు. మా ఆవిణ్ణి అడిగాను.

"ఆవాలేగా? డబ్బాలో పోశాను."

అవి ఆవాలు కావనీ, క్యాబేజీ గింజలనీ చెప్పాను. ఆవిడ డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. నిండా నల్లగా, గుండ్రంగా గింజలు. "ఏవి మీవో చూపించండి, తీసిచ్చేస్తాను," అంది. ఇద్దరం కిటికీ దగ్గర వెలుతురులో నిలబడి చాలాసేపు చూశాం. అన్నీ నావిలాగే ఉన్నాయి. అన్నీ ఆవిడవిలాగానే ఉన్నాయి.

పోనీలే. నాటినవి నాటాను కదా.

అక్టోబరు 13, సోమవారం

మొలిచాయి! ఒక్కో మొలకకూ రెండేసి చిట్టి ఆకులు. ఎండకు వాడతాయని అట్టను మంచం కిందికి తోశాను.

అక్టోబరు 16, గురువారం

మొలకలు జోరుగా పొడుగు సాగుతున్నాయి. నెమ్మదిగా పెరుగుతుందన్న కొట్టతనికి క్యాబేజీ గురించి ఏమీ తెలియదు.

అక్టోబరు 18, శనివారం

అన్నీ పడిపోయాయి. నూలుపోగుల్లా సాగి, మొదట్లో నల్లబడి, వరసగా ఒరిగిపోయాయి. విత్తనాల కొట్టుకు పరుగున వెళ్ళి అడిగాను. వెలుతురు లేక అలా సాగాయట. మంచం కింద పెట్టానని చెప్పాను. అతను తల పట్టుకున్నాడు. పైగా నీళ్ళు ఎక్కువై మొదళ్ళు కుళ్ళాయట.

"నీళ్ళు లెక్కగానే పోస్తున్నానండీ. రోజూ పొద్దున ఒకసారి."

ఇంటికొచ్చాక తెలిసింది. మామగారు సాయంత్రం పోస్తున్నారు, రోజూ. "ఎవరూ పట్టించుకోవడం లేదని నేనే..." అన్నారు, విజిలు తిప్పుకుంటూ. క్యాబేజీ అంటే గిట్టని మనిషి! మా ఆవిడ డ్యూటీ నుంచి రాగానే విషయం చెప్పాం. "అయితే మీరిద్దరూ పోస్తున్నారా? నేనూ పోస్తున్నాను, మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళేముందు," అంది.

ఆ మొలకలు మునిగి చచ్చాయి పాపం.

అక్టోబరు 19, ఆదివారం

మళ్ళీ వేశాను. కొట్టుకు మళ్ళీ వెళ్ళడానికి మొహం చెల్లక ఆవాల డబ్బాలోంచే ఏరాను. భూతద్దం పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. క్యాబేజీ గింజ కాస్త గంభీరంగా ఉంటుంది. ఈసారి అట్ట కిటికీలో, ఎండ తగిలేచోట. నీళ్ళు పోసే హక్కు నాదొక్కడిదే. ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు.

నవంబరు 2, ఆదివారం

పళ్ళ డాక్టరుగారు వచ్చింది. గేటు తోసుకుని నేరుగా పెరట్లోకి వచ్చి నిలబడింది. నేను మొలకల ముందు గొంతుక్కూర్చుని ఉన్నాను. లేచి పారిపోవడానికి అటు దారి లేదు, గోడ ఉంది.

"మాస్టారూ, నాకింకా క్లాసులు మిగిలున్నాయి."

"నేను సెలవులో ఉన్నానండీ. మా డ్రైవింగు స్కూలు ఓనరు బావమరిది చెప్తున్నాడు కదా, అతని దగ్గర..."

"అతను పక్కన కూర్చుని ఫోను చూసుకుంటాడు. నేనేం తప్పు చేసినా 'సూపర్ మేడమ్' అంటాడు. నాకు సూపర్ అక్కర్లేదు, చెప్పేవాళ్ళు కావాలి."

"నాకు వీటితోనే తీరడం లేదు," అని అట్ట చూపించాను.

ఆవిడ వంగి చూసింది. లేచాక మొహం మారిపోయింది. "మాస్టారూ, ఆ రోజు నుంచీ నాకూ నిద్ర పట్టడం లేదు. మీరు క్యాబేజీ వేసుకున్నారు. నేనేం వేసుకోను?"

ఆవిడ నా దవడలకేసి చూసి, "నోరు తెరవండి," అంది. తెరిచాను. "పళ్ళు నూరుతున్నారు. రాత్రిళ్ళు. ఇలాగైతే ఏడాదిలో అరిగిపోతాయి," అని చెప్పి వెళ్ళిపోయింది.

నేను పళ్ళు నూరను. మా ఆవిణ్ణి అడిగాను. "నూరుతారు. గూడ్సు బండి వెళ్తున్నట్టుంటుంది," అంది.

నవంబరు 15, శనివారం

ఓనరు ఫోన్ చేశాడు. "మాస్టారూ, జనవరి నెలాఖరు దాకా చూస్తాను. ఆ తర్వాత మావాణ్ణే పెట్టేసుకుంటాను. మా ఆవిడ పోరు పడలేకపోతున్నాను," అన్నాడు.

జనవరికి గడ్డలు కూడా కడతాయి. వాటిని వదిలేసి ఎలా వెళ్తాను? వీలు చూసి చెప్తానన్నాను.

నవంబరు 22, శనివారం

మొక్కలు నాలుగైదు ఆకులకు వచ్చాయి. ఇవాళ మడిలో నాటాను, మూరెడు ఎడంతో. ఒక మొక్క మాత్రం మిగతావాటికి రెట్టింపు ఎత్తుంది. నిటారుగా, చురుగ్గా, ఎవరి కోసమూ ఆగకుండా పెరుగుతోంది. దానికి మొనగాడని పేరు పెట్టి, మడిలో మంచి ఎండ తగిలే చోటిచ్చాను. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇలాంటి శిష్యుడు ఒక్కడు తగిలితే ఆ మాస్టరు అదృష్టవంతుడు.

నవంబరు 24, సోమవారం

రాత్రికి రాత్రి మూడు మొక్కలు నేలకు సమానంగా తెగి పడున్నాయి. కత్తెరతో కత్తిరించినట్టు. ముందు మామగారిని అనుమానించాను, అది నా తప్పే. మట్టి తవ్వితే బొద్దుగా, చుట్టచుట్టుకుని, బూడిదరంగు పురుగు దొరికింది. మామగారికి చూపించాను. "నన్ను అనుమానించారా?" అన్నారు. లేదన్నాను. ఒకసారి విజిలు వేశారు.

కాగితం కప్పుల అడుగులు కోసి, ఒక్కో మొక్క మొదట్లో గొట్టంలా గుచ్చాను. మడి అంతా టీ తాగి వదిలేసిన పెళ్ళి పందిరిలా ఉంది.

మొనగాడు క్షేమం.

నవంబరు 30, ఆదివారం

తెల్లటి సీతాకోకచిలకలు. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. మా ఆవిడ ఫోటోలు తీసింది.

డిసెంబరు 4, గురువారం

ఆ ముచ్చటైనవి ఆకుల కింద గుడ్లు పెట్టిపోయాయి. గుడ్లలోంచి పచ్చటి పురుగులు వచ్చాయి. సరిగ్గా ఆకు రంగే. ఆకు తిరగేసి చూసినా కనపడవు, పొద్దున లేచి చూస్తే ఆకే కనపడదు.

ఇక నుంచి పొద్దున లేవగానే పురుగులు ఏరి సబ్బునీళ్ళలో వేయడం నా పని. సీతాకోకచిలకల పని మామగారు తీసుకున్నారు. కుర్చీ వేసుకుని మడి పక్కన కూర్చుని, ఒకటి వాలగానే విజిలు వేసి పసుపుకార్డు చూపిస్తున్నారు. రెండోసారి వాలితే ఎర్రకార్డు, చీపురు. పక్కింటివాళ్ళు గోడ మీంచి చూసి వెళ్తున్నారు.

పరుపుల కొట్టు అద్దం కొత్తది పెట్టారట. మా ఆవిడ బస్సులోంచి చూసిందట. నేను అడగలేదు.

డిసెంబరు 7, ఆదివారం

పళ్ళ డాక్టరుగారు మళ్ళీ వచ్చింది. పరీక్ష తేదీ వచ్చిందట, జనవరి ఇరవై ఒకటి. పురుగులు ఏరే పని చూపించి వీలుకాదన్నాను. ఆవిడ నా పక్కన కూర్చుని, బ్యాగులోంచి సన్నటి పటకారు తీసి పురుగులు ఏరడం మొదలుపెట్టింది. నేను గంటలో ఏరేవి క్షణాల్లో ఏరేసింది. ఆవిడ పని అది మరి. నోట్లో చీకట్లో చూడగలిగిన మనిషికి ఆకు కింద చూడటం ఎంత?

అయిపోయాక, "ఇప్పుడు వీలవుతుందిగా?" అంది.

నాకు కారెక్కడం ఇష్టం లేదని కాదు, నడుంనొప్పి అని చెప్పాను. మామగారు అప్పటిదాకా వింటున్నారు. లేచి వెళ్ళి రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి మడి పక్కన వేశారు. మూడు ఇటుకలు తెచ్చి ఒక కుర్చీ ముందు పేర్చారు. వంటింట్లోంచి గిన్నె మూత తెచ్చి డాక్టరుగారి చేతిలో పెట్టారు.

"స్టీరింగు. క్లచ్చు, బ్రేకు, ఏక్సిలరేటరు. నేను పాదచారిని," అని మడి చివర నిలబడ్డారు.

ఆవిడ నిజంగానే కూర్చుంది! సీటు సర్దుకుంది, లేని అద్దం సవరించుకుంది, లేని బెల్టు పెట్టుకుంది. అన్నీ వరసగా, నేను నేర్పినట్టే. నా వైపు చూసింది. పక్క కుర్చీలో కూర్చున్నాను. ప్లాస్టిక్ కుర్చీయే కదా.

"క్లచ్చు నొక్కండి. ఫస్టు గేరు. నెమ్మదిగా వదలండి, నెమ్మదిగా..."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆవిడ గిన్నె మూత తిప్పుతోంది. మామగారు ఉన్నట్టుండి రోడ్డుకు అడ్డంగా పరిగెత్తారు.

"బ్రేకు!" అని అరిచాను. ఆవిడ నడిమి ఇటుక తొక్కింది. నా కాలు కూడా తొక్కింది, నేలను. చెప్పు తెగింది.

"మాస్టారూ," అంది ఆవిడ, "నేను తొక్కాను. సరైనదే తొక్కాను."

నిజమే, సరైనదే తొక్కింది.

డిసెంబరు 14, ఆదివారం

మొనగాడు పూశాడు.

నిండు పసుపుపచ్చ పూలు, గుత్తులుగా, నా నడుమెత్తున. క్యాబేజీ ఇలా పూయదని నాకు తెలుసు. అయినా కాసేపు, ఇదేదో ప్రత్యేకమైన రకమేమో అనుకున్నాను. మా ఆవిడ డ్యూటీకి వెళ్తూ చూసింది.

"ఆవ మొక్క బాగా పూసిందే," అంది.

"అది క్యాబేజీ."

"ఏమండీ, ఒక్క ముక్కలో చెప్తాను, నాకు బండి టైమవుతోంది. అది నా డబ్బాలోది." వెళ్ళిపోయింది.

మామగారు వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. మొనగాణ్ణి పీకలేదు. ఎండ తగిలే చోటు మాత్రం అనవసరంగా ఇచ్చాను. ఇన్నాళ్ళూ మూల నీడలో ఒదిగి కూర్చున్న మొద్దు మొక్క ఒకటుంది, దాన్ని నేను సరిగ్గా చూడనే లేదు. ఇవాళ చూస్తే నడిమి ఆకులు లోపలికి ముడుచుకుంటున్నాయి. గడ్డ కట్టడం అంటే అదే.

డిసెంబరు 21, ఆదివారం

ఆదివారం క్లాసు. ఇప్పుడు కుర్చీల వెనక మరో రెండు కుర్చీలు చేరాయి. పక్కింటివాళ్ళు గోడ మీంచి చూడటం మానేసి వెనక సీట్లో కూర్చుంటున్నారు. రివర్సు తీసేటప్పుడు అందరూ ఒకేసారి వెనక్కి తిరిగి చూస్తున్నారు.

క్లాసయ్యాక డాక్టరుగారు గడ్డలు చూసి, "బాగా కడుతున్నాయే! మీ ఇంట్లో క్యాబేజీ అంటే ఎవరికిష్టం?" అని అడిగింది.

నేను మామగారిని చూశాను. మామగారు మా ఆవిణ్ణి చూశారు. మా ఆవిడ నన్ను చూసింది.

ఎవరూ తినరు.

డిసెంబరు 31, బుధవారం

ఈ డైరీలో ఇదే ఆఖరి పేజీ. మొదట్లో పేజీలన్నీ ఖాళీగానే ఉన్నాయి, రేపట్నుంచి అక్కడికి వెళ్తాను. వారం ఒక రోజు తేడా వస్తుంది, కొట్టేసి రాసుకోవచ్చు.

జనవరి 3, శనివారం (డైరీ శుక్రవారం అంటోంది, తప్పు)

ఈ పేజీల్లో కూడా టైర్లున్నాయి. చెయ్యి అడ్డం పెట్టడం మర్చిపోయాను, సగం పేజీ అయ్యాక చూసుకున్నాను.

జనవరి 11, ఆదివారం

డాక్టరుగారు క్లాసయ్యాక వెళ్ళకుండా నిలబడింది. గేటు బయట కారు ఉంది. డ్రైవింగు స్కూలు కారు, ఓనరు బావమరిది తెచ్చి ఆపాడు. అతను అందులోనే కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు.

"ఊరికే కూర్చోండి మాస్టారూ. ఇంజను వేయను."

గేటు దాకా వెళ్ళాను. ముందు బంపరు కొత్తది వేశారు. తలుపు తీశాను. లోపల ఎప్పటి వాసనే. అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున పురుగులు సరిగ్గా ఏరలేదని. వెనక్కి వచ్చేశాను.

పురుగులు లేవు. చలికి ఎప్పుడో పోయాయి. అయినా ప్రతి ఆకూ తిరగేసి చూశాను. డాక్టరుగారు వెళ్ళిన చప్పుడు వినిపించాక కూడా చూస్తూనే ఉన్నాను.

జనవరి 12, సోమవారం

నాకు భయంగా ఉంది.

జనవరి 13, మంగళవారం

నిన్న రాసింది ఇవాళ చదివాను. కొట్టేద్దామనుకున్నాను. పొద్దున భోజనాల దగ్గర మా ఆవిడకు చెప్పేశాను. ఆవిడ తింటున్న ముద్ద ఆపి, "తెలుసు," అంది. అంతే. వెనకాల క్యూ ఉన్నట్టు ఏమీ తొందరపెట్టలేదు. నా పళ్ళెంలో ఇంకాస్త కూర వేసింది.

జనవరి 20, మంగళవారం

అకాలంగా కుంభవృష్టి. గడ్డలన్నీ బిగిసి రాళ్ళలా ఉన్నాయి. విత్తనాల కొట్టతనికి ఫోన్ చేస్తే, ఇంత వాన ఒక్కసారిగా తాగితే గడ్డలు పగిలిపోతాయన్నాడు. కోసేయాలి. వీలుకాకపోతే ఒక్కో గడ్డనూ రెండు చేతులతో పట్టుకుని అర చుట్టు తిప్పాలట. వేళ్ళు కొన్ని తెగి, నీళ్ళు తాగడం తగ్గుతుంది. రేపు పొద్దున్నే ఆ పని చూడాలి.

రేపే డాక్టరుగారి పరీక్ష. ఆవిడ వెంట ఓనరు బావమరిది వెళ్తాడు. మంచిదే.

జనవరి 21, బుధవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున వాన వెలిసింది. మడిలో మోకాళ్ళ మీద కూర్చుని మొదటి గడ్డను పట్టుకున్నాను, స్టీరింగు పట్టుకున్నట్టు. అర చుట్టు తిప్పాను. లోపల వేళ్ళు తెగుతున్న చప్పుడు. రెండోదాని దగ్గరికి జరిగేసరికి గేటు ముందు కారు ఆగింది. ఓనరు దిగి, తాళంచెవి గేటు మీద పెట్టి, "మావాడికి పన్ను పీకారు మాస్టారూ, నోరు తెరవలేకపోతున్నాడు," అని కేకేసి, ఎవరిదో స్కూటరెక్కి వెళ్ళిపోయాడు. కారులోంచి డాక్టరుగారు దిగింది.

"ఎవరు పీకారు?" అని అడిగాను.

"నేనే. నిన్న సాయంత్రం."

"అంత పాడైపోయిందా?"

"ఎప్పటికైనా తీయాల్సిన పన్నే మాస్టారూ. రోజు మాత్రం నేను ఎంచుకున్నాను."

గడ్డలు పగిలిపోతాయని చెప్పాను. మామగారు మెట్ల మీంచి దిగి వచ్చారు.

"నేను తిప్పుతాను. మీరు వెళ్ళండి."

"మీకు తెలియదు మామయ్యగారూ, అర చుట్టే తిప్పాలి, మెల్లిగా..."

ఆయన జేబులోంచి ఎర్రకార్డు తీసి నా మొహం ముందు పెట్టారు. రిఫరీతో వాదించకూడదు. మా ఆవిడ డ్యూటీకి తయారై గుమ్మంలో నిలబడి ఉంది. బస్సు వెళ్ళిపోతున్నా కదల్లేదు. చేతులు కడుక్కున్నాను. ఇంకోసారి కడుక్కున్నాను. వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాను.

వీధి మలుపు తిరిగేలోపే కారు మూడుసార్లు ఆగింది. ఆపింది ఆవిడ కాదు, నా కాలు.

"మాస్టారూ, మీ కాళ్ళు తీసేయండి."

"ఎక్కడికి తీసేయను?"

"పైన పెట్టుకోండి."

చెప్పులు విడిచి, రెండు కాళ్ళూ మడిచి, సీటు మీద బాసింపట్టు వేసుకున్నాను. విందుకు కూర్చున్నట్టుంది. బస్సుల్లో జనం చూస్తున్నారు. నా బ్రేకు కింద ఎక్కడో ఉంది, అందదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళు పట్టుకున్నాను.

మార్కెట్టు వీధిలో ఒక స్కూటరు సందులోంచి సర్రున అడ్డం వచ్చింది. నేను అరవలేదు. మడిచిన కాళ్ళు మడిచినట్టే ఉన్నాయి. కారు ఆగింది. స్కూటరుకూ మాకూ మధ్య మనిషి నడిచి వెళ్ళేంత చోటుంది. స్కూటరతను చెయ్యెత్తి క్షమించమన్నట్టు ఊపి వెళ్ళిపోయాడు.

ఆవిడ ఊపిరి వదిలింది. నేనూ వదిలాను. నాలుగు నెలలుగా బిగబట్టిందంతా ఒక్కసారే వదిలినట్టుంది.

"చెప్పండి," అంది, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా. "బాగుందా, లేదా?"

"అద్దం చూసుకోకుండా ఆపారు. వెనక లారీ ఉంటే?"

"అదీ," అంది ఆవిడ, మొహం వెలిగిపోతూ. "అదీ మాస్టారంటే!"

పరుపుల కొట్టు ముందు నుంచే వెళ్ళాలి, వేరే దారి లేదు. కొట్టాయన గుమ్మంలో నిలబడి పళ్ళు తోముకుంటున్నాడు. మా కారును దూరం నుంచే గుర్తుపట్టాడు. బ్రష్షు నోట్లో ఉండగానే రెండు చేతులా షట్టరు లాగేశాడు. షట్టరు సగం దిగాక వంగి, కిందనుంచి మా చక్రాలు నేరుగా వెళ్తున్నాయో లేదో చూశాడు. మేం దాటిపోయాం. ముందు డాక్టరుగారు నవ్వింది. తర్వాత నేను నవ్వాను. నవ్వు ఆగక కళ్ళ నీళ్ళొచ్చాయి. అవి నవ్వుకొచ్చినవే.

పరీక్ష పాసైంది. కాగితం చేతికొచ్చాక ఆవిడ కారు చుట్టూ తిరిగొచ్చి పక్క సీట్లో కూర్చుంది. "ఇక నా వల్ల కాదు మాస్టారూ, ఇంటిదాకా మీరు తీసుకెళ్ళండి," అని తాళం ఇచ్చింది. నేను ఏమీ ఆలోచించలేదు. ఆలోచించకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను. నడిపాను.

ఇంటికొచ్చేసరికి మామగారు మడి పక్కన నిలబడి ఉన్నారు. గడ్డలన్నీ నేల మీద, వేళ్ళతో సహా, మ్యాచి ముందు ఆటగాళ్ళలా వరసగా నిలబెట్టి ఉన్నాయి.

"అర చుట్టు అన్నాను కదా మామయ్యగారూ."

"అర చుట్టే తిప్పాను. తెగిన చప్పుడు రాలేదు. ఇంకో అర చుట్టు తిప్పాను," అన్నారు. "ఒక్కటీ పగల్లేదు చూసుకోండి."

నిజమే, ఒక్కటీ పగల్లేదు.

జనవరి 24, శనివారం

క్యాబేజీ. మధ్యాహ్నమూ, సాయంత్రమూ. మామగారు మూడోసారి వేయించుకున్నారు. పక్కింటికీ, డాక్టరుగారికీ, ఓనరుకూ తలో గడ్డ ఇచ్చాను. ఓనరు బావమరిదికి మెత్తగా ఉడికించి పంపాం.

జనవరి 26, సోమవారం

పనిలో చేరాను. రాయడానికి తీరిక లేదు.

జనవరి 30, శుక్రవారం

కారు ఇంటికి తీసుకెళ్ళమన్నాడు ఓనరు. దారిలో స్టేషను దగ్గర ఆగాను. మా ఆవిడ డ్యూటీ దిగి బస్టాపు వైపు వెళ్తోంది. హారను కొట్టాను. తిరిగి చూసింది, కారు చూసింది, నన్ను చూసింది. వచ్చి పక్క సీట్లో కూర్చుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుంది. పొద్దుటి నుంచి టిక్కెట్లిచ్చిన మనిషి. రెండో వీధి దాటేలోపే తల కిటికీకి ఆనించి నిద్రపోయింది. మలుపులో ఒళ్ళు కదిలినా కళ్ళు తెరవలేదు. నేను నడుపుతుంటే అంత నిశ్చింతగా నిద్రపోయిన మనిషిని ఇన్నేళ్ళలో పక్క సీట్లో చూడలేదు. నా పక్కన కూర్చునేవాళ్ళంతా కళ్ళు పెద్దవి చేసుకుని కూర్చుంటారు.

ఇంటి ముందు ఆపి ఇంజను తీసేశాను. లేపబుద్ధి కాలేదు. కాసేపటికి మామగారు గేటు తీసుకుని వచ్చి కిటికీలోంచి లోపలికి చూశారు. నోటి మీద వేలు పెట్టాను. ఆయన తలూపి, చప్పుడు కాకుండా వెనక తలుపు తీసుకుని కూర్చున్నారు.

"ఎక్కడికి?" అని గుసగుసగా అడిగారు.

"ఎక్కడికీ లేదు మామయ్యగారూ. వచ్చేశాం."

"సరే," అని ఆయన సీట్లో వెనక్కి జారగిలబడ్డారు.